రమ్మీ, భవచక్రం, ఒక కోల్డ్ స్టోరేజీ రిజిస్టర్: ఒక కేసు వివరం

ఈ కేసు గుంటూరు వైపుది. క్లయింట్ వయసు ముప్పై దాటింది, మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. పెళ్లయింది, ఒక పాప. సమస్య ఆన్‌లైన్ రమ్మీ. పేరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఆయన, ఆయన తండ్రి ఇద్దరూ చదివి సరే అన్నాకే బయటికి ఇస్తున్నాను. నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని, వ్యసనాల కేసులు ఎక్కువ చూస్తాను. ఈ కేసులో మేం మామూలుగా చేసే పనులతో పాటు బౌద్ధంలోని ఆరు లోకాల బొమ్మను, అంటే భవచక్రాన్ని వాడాను. అది ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ అడ్డం తిరిగింది అని తోటి కౌన్సెలర్లు అడుగుతున్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

వచ్చేనాటికి పరిస్థితి

బీరువాలో గొలుసు కనపడలేదని భార్య వెతుక్కుంటుంటే, స్కూటర్ డిక్కీలో గోల్డ్ లోన్ రసీదు దొరికింది. అక్కడి నుంచి ఒక్కొక్కటీ బయటపడ్డాయి. లోన్ యాప్‌లలో అప్పులు, తోటి గుమస్తాల దగ్గర చేబదుళ్లు, తండ్రి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు. తెలంగాణలో అంతకంటే ముందే, 2017లో. అయినా ఫోన్‌లో లొకేషన్ మార్చుకుని ఆడేవాళ్లకు కొదవ ఉండేది కాదు, ఈయన కూడా అదే చేశాడు.

మొదట చూడాల్సినవి మొదట చూశాం. చచ్చిపోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగా అడిగాను. లోన్ యాప్ వాళ్లు ఫోన్‌లో ఉన్న నంబర్లందరికీ మెసేజ్‌లు పెడుతున్న రోజుల్లో వచ్చిందని, ఇప్పుడు లేదని చెప్పాడు. సైకియాట్రిస్టు చూసి డిప్రెషన్‌కి మందు మొదలుపెట్టారు. అప్పుల జాబితా రాయించాం, యూపీఐ భార్య చేతికి ఇప్పించాం. జూదం వ్యసనాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బులను వర్గీకరించే అమెరికన్ సైకియాట్రిస్టుల గ్రంథం) మత్తుపదార్థాల వ్యసనాల పక్కనే చేర్చింది. కాబట్టి ఇది బలహీనత, బుద్ధిలేనితనం అనే మాటలు కట్టిపెట్టి, జబ్బుకి చేసే ఏర్పాట్లు జబ్బుకి చేయాలి. చక్రం సంగతి ఇవన్నీ మొదలయ్యాకే. మందులు, డబ్బు కట్టడి లేకుండా ఒట్టి బొమ్మతో ఈ కేసు నడిచేది కాదు.

తీరా కూర్చోబెట్టి మాట్లాడితే ఒకటే మాట. "ఆడాలనిపిస్తుందండి, ఆడతానండి." ఎప్పుడు అనిపిస్తుంది? "ఎప్పుడూ అనిపిస్తుందండి." అంతకు ముందు ఏం జరిగింది, ఒంట్లో ఎలా ఉంది, మనసులో ఏముంది అంటే నేల చూపులు. మేం ఇచ్చే వర్క్‌షీట్లు ఖాళీగా వెనక్కి వచ్చేవి. కోపం, బాధ, విసుగు, భయం అని పక్కన టిక్కు పెట్టమంటే అన్నిటికీ పెట్టేవాడు, లేకపోతే దేనికీ పెట్టేవాడు కాదు.

చక్రం ఎలా వచ్చింది

వాళ్లది అంబేడ్కర్‌ని నమ్మిన కుటుంబం. తండ్రి రిటైర్డ్ హెడ్మాస్టరు. ఇంట్లో అంబేడ్కర్ ఫొటో, పక్కనే బుద్ధుడి ఫొటో. క్లయింట్ చిన్నప్పుడు తండ్రితో కలిసి అమరావతి, నాగార్జునకొండ చూసి వచ్చాడు. ఆ ఊళ్ల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం మనిషి తలెత్తి మాట్లాడేవాడు. అందుకే ఒకరోజు తెల్ల కాగితం మీద పెద్ద సున్నా గీసి, ఆరు గడులు చేసి, ఆరు పేర్లు రాశాను. నరకం, ప్రేతలోకం, పశులోకం, మనుష్యలోకం, అసురలోకం, దేవలోకం. టిబెట్ పటాల్లో ఉండే రంగులూ బొమ్మలూ ఏవీ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో తర్వాత చెబుతాను.

ఈ బొమ్మ పుట్టుక గురించి మూలసర్వాస్తివాదులనే పాత బౌద్ధ శాఖ వాళ్ల వినయంలో, అంటే భిక్షువుల నియమాల గ్రంథంలో, దివ్యావదానం అనే కథల సంపుటిలో ఒక కథ ఉంది. మా వృత్తి వాళ్లకు అది బాగా నచ్చే కథ. బుద్ధుడి ముఖ్య శిష్యుల్లో ఒకడైన మౌద్గల్యాయనుడు లోకాలన్నీ తిరిగి, అక్కడి బాధలు చూసి వచ్చి జనానికి చెప్పేవాడు. శిష్యుల్లో ఎవరికైనా మనసు నిలవకపోతే గురువులు తీసుకొచ్చి ఆయన ముందు కూర్చోబెట్టేవాళ్లు, ఆయనతో మాట్లాడాక వాళ్లు కుదుటపడేవాళ్లు. అది చూసి బుద్ధుడు, మౌద్గల్యాయనుడి లాంటివాళ్లు అన్నిచోట్లా దొరకరు కదా, విహారం గుమ్మం దగ్గర చక్రం గీయించండి అన్నాడు. వచ్చినవాళ్లకు దాన్ని విడమరిచి చెప్పడానికి ఒక భిక్షువును కూడా పెట్టమన్నాడు. మధ్యలో రాగానికి పావురం, ద్వేషానికి పాము, మోహానికి పంది. చుట్టూ గతులు, అంటే జీవులు పుట్టే లోకాలు. అంచున పన్నెండు నిదానాలు, అంటే ఒకదాన్నుంచి ఒకటి పుట్టి దుఃఖం దాకా తెచ్చే కారణాల వరస. జీవులు ఒకచోట చచ్చి ఇంకోచోట పుట్టడాన్ని నీళ్లు తోడే యంత్రం కుండల్లా గీయమన్నాడు, కొన్ని పైకి, కొన్ని కిందికి. మొత్తాన్ని అనిత్యత పట్టుకుని ఉండాలి. ఆ కథలో గతులు ఐదే. అసురుల్ని విడిగా లెక్కపెట్టి ఆరు చేసిన చక్రాలే టిబెట్ వైపు నుంచి మనకు ఎక్కువ కనిపిస్తాయి. అజంతా పదిహేడో గుహ వరండాలో ఎడమవైపు గోడ మీద ఐదో శతాబ్దపు చక్రం సగం చెరిగిపోయి ఇప్పటికీ ఉంది. వెళ్లినవాళ్లలో చాలామంది లోపలి జాతక చిత్రాల (బుద్ధుడి పూర్వజన్మ కథల బొమ్మల) కోసం తొందరపడి దాన్ని దాటేస్తారు.

కథలో ఇంకో ముక్క కూడా క్లయింట్‌కి చెప్పాను. గుమ్మం దగ్గర ఆ చక్రం చూసిన ఒక గృహస్థు కొడుకు, దేవలోకం చేరాలంటే ఏం చేయాలని భిక్షువుని అడుగుతాడు. సంఘానికి భోజనం పెట్టమంటాడు భిక్షువు. అందుకు ఐదువందల కార్షాపణాలు, అంటే ఆనాటి నాణేలు, కావాలి. కుర్రాడి దగ్గర లేవు. కూలికి పోతాడు. "అంటే బొమ్మ చూసిన మొదటివాడు కూడా డబ్బు లెక్కలోనే పడ్డాడన్నమాట" అని నవ్వాడు క్లయింట్. మా గదిలో ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు.

మాస్టారి అభ్యంతరం

తర్వాతి సెషన్‌కి తండ్రి కూడా వచ్చారు. కొడుకు ఇంట్లో ఆ కాగితం చూపించాడట. ఆయన కోపంగా లేరు గానీ మాట గట్టిగానే వచ్చింది.

"అమ్మా, మా నాన్నకి చెప్పారు, పోయిన జన్మలో పాపం చేశావు కాబట్టి ఈ కులంలో పుట్టావని. ఆ మాట వదిలించుకోవడానికే మేం ఆ ఫొటోలు పెట్టుకున్నాం. ఇప్పుడు మీరు మావాడికి నరకం, ప్రేతం అని మళ్లీ అవే చెబితే ఎట్లా?"

ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకునే కౌన్సెలర్ ఈ బొమ్మ జోలికి పోకూడదని నా అభిప్రాయం. ఒక లోకం నుంచి ఇంకో లోకంలో పుట్టడం, పుట్టుకకు పాత కర్మ కారణమనడం అనే భాషను ఈ దేశంలో ఎవరి మీద ఎలా ప్రయోగించారో అందరికీ తెలిసిందే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్న అంబేడ్కర్, ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి పోయే ఆత్మ అనేదాన్ని ఒప్పుకోలేదు. పోయిన జన్మ పాపానికి ఈ జన్మ పేదరికం శిక్ష అనే వాదాన్ని బౌద్ధంలోంచి ఊడబెరికి పారేశారు.

అలాగని మాస్టారి దగ్గర నేను, ఇదంతా ఒట్టి మనస్తత్వ శాస్త్రమే, బుద్ధుడు కూడా అదే ఉద్దేశంతో చెప్పాడు అనలేదు. అది నిజం కాదు. పాలి గ్రంథాలు లోకాలను నిజంగా పుట్టే చోట్లుగానే చెబుతాయి, ఆ బోధలను వర్గీకరించి విశ్లేషించే అభిధమ్మ సంప్రదాయం అలాంటివి 31 లెక్కపెట్టింది. మనసు స్థితులుగా చదవడానికి కూడా పాత ఆధారమే ఉంది. చైనాలో ఆరో శతాబ్దపు బౌద్ధ గురువు జీయీ ఈ ఆరుకి శ్రావక (విని నేర్చుకునే శిష్యుడు), ప్రత్యేకబుద్ధ (ఒంటరిగా జ్ఞానం పొందినవాడు), బోధిసత్త్వ (ఇతరుల కోసం పాటుపడేవాడు), బుద్ధ అనే నాలుగు కలిపి పది లోకాలు చేశాడు. ఒక్కొక్క దానిలో మిగతావన్నీ ఉంటాయని, క్షణకాలపు ఆలోచనలోనే అన్నీ ఇమిడి ఉంటాయని బోధించాడు. రెండు చదువులూ బౌద్ధంలో ఉన్నవే. నేను వాడేది రెండోది. కోపంతో మండిపోతుంటే నరకం, ఎంతకీ తీరని ఆకలి ప్రేతం, ధ్యాస లేని మొద్దుతనం పశువు, నిలకడగా ఉంటే మనిషి, ఓర్వలేనితనం అసుర, సుఖంలో తేలడం దేవలోకం.

మాస్టారికి నేను చూపించింది పాలి బౌద్ధ గ్రంథాల్లో ఒకటైన సంయుక్త నికాయంలోని మోళియ సీవకుడి సుత్తం, అంటే బుద్ధుడి బోధ. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనా అని సీవకుడు అడిగితే బుద్ధుడు కాదంటాడు. పిత్తం వల్ల రావచ్చు, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఈ మూడూ కలిసి, రుతువు మారడం వల్ల, జాగ్రత్త లేకపోవడం వల్ల, ఎవరో కొట్టడం వల్ల కూడా రావచ్చు, కర్మ ఫలం వీటిలో ఒకటి మాత్రమే అంటాడు. ఈ కేసుకి అది ఎంత సరిపోతుందో చూడండి. రాత్రి పన్నెండింటికి బోనస్ పంపి పిలిచే యాప్, చక్రవడ్డీకి అప్పిచ్చే ఇంకో యాప్, ఇవి ఎవరి పూర్వజన్మా కాదు. మాస్టారు సుత్తం రెండుసార్లు చదివి, ఒక షరతు పెట్టారు. పోయిన జన్మ మాట ఈ గదిలో రాకూడదు. ఇవాళ పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే లోపు జరిగింది మాత్రమే. నేను ఒప్పుకున్నాను. ఆ షరతు వల్ల మా పని ఇంకా మెరుగైంది, ఎందుకంటే లెక్క చూసుకోవడానికి వీలైన కాలం అదొక్కటే.

రిజిస్టర్

రాయడానికి నేను ఇచ్చిన నోట్‌బుక్ ఆయన వాడలేదు. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) లోపలికి వచ్చినప్పుడు, బయటికి వెళ్లినప్పుడు రాసే రిజిస్టర్లలో పాతది ఒకటి తెచ్చుకున్నాడు. తేదీ, టైము, వచ్చిన సరుకు, వెళ్లిన సరుకు, మిగులు, సంతకం. ఆ గడుల్లోనే లోకాలు రాయడం మొదలుపెట్టాడు. ఎందులోకి వచ్చాను, ఎందులోంచి పోయాను, దేనివల్ల. ఆయన అనుమతితో ఒక సాయంత్రం అలాగే ఇస్తున్నాను.

"6.10 మనిషి. షట్టర్ దించాను, టీ తాగాను. 6.25 అసుర. బావమరిది ఫోన్, గృహప్రవేశం. 6.40 నరకం. మా ఆవిడ ఆ ఇంటి ఫొటోలు చూస్తా ఉంది. నేనేమీ అనలేదు, పళ్లు బిగపట్టాను. 7.15 పశువు. అన్నం తిన్నాను, ఏం కూరో గుర్తులేదు. 8.30 ప్రేతం. స్కూటర్ మీద. 11.50 వరకు."

స్కూటర్ మీద అంటే ఏమిటని అడిగితే చెప్పాడు. యూపీఐ భార్య దగ్గరికి పోకముందు, ఇంటికి వచ్చినా లోపలికి పోకుండా గేటు బయట స్టాండు వేసిన స్కూటర్ మీద కూర్చుని ఆడేవాడు. ఆ అలవాటు ఇంకా పోలేదు, ఆట లేకపోయినా ఫోన్ పట్టుకుని అక్కడే కూర్చుంటున్నాడు. లోపల పాప పడుకునే చప్పుడు, టీవీ ఆపిన చప్పుడు వినిపిస్తాయట. ఖుద్దకపాఠం అనే చిన్న పాలి గ్రంథంలో తిరోకుడ్డ సుత్తం అని చిన్న పాఠం ఉంది. ప్రేతాలు తమ సొంత ఇళ్లకే తిరిగొచ్చి గోడల బయట, గుమ్మాల దగ్గర, నాలుగు దారుల కూడళ్లలో నిలబడతాయని, లోపల విందు జరుగుతున్నా ఎవరికీ గుర్తు రావని అందులో ఉంటుంది. ఆ నాలుగు పంక్తులు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నేనూ విడమరచలేదు.

ప్రేతం గురించి బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు తన స్నేహితుడైన శాతవాహన రాజుకు రాసిన ఉత్తరం సుహృల్లేఖలో ఉన్న వర్ణన ఇంకా గట్టిది. సంస్కృత మూలం దొరకదు, టిబెటన్, చైనీస్ అనువాదాల్లో మిగిలింది. 123 శ్లోకాల్లో పెద్ద భాగం లోకాల బాధలే. సూదిబెజ్జమంత నోరు, కొండంత కడుపు. వాటి చూపు పడితే చాలు, నిండా కాసిన చెట్టు మోడవుతుంది, నది ఎండిపోతుంది. ఎండాకాలంలో వెన్నెల కూడా కాలుతుంది, చలికాలంలో ఎండ కూడా వణికిస్తుంది. క్లయింట్ ఆట లెక్కలు తీసి చూస్తే, గెలిచిన డబ్బు ఒక్కసారి కూడా బ్యాంకులోకి రాలేదు. గెలిచిందల్లా మళ్లీ అదే బల్ల మీదికి పోయింది. "నోట్లోకి పోవడమే గానీ కడుపులోకి దిగలేదండి" అన్నాడు ఆయనే.

అసలు ప్రమాదం ఉన్నచోటు

ఇక్కడికి వచ్చేసరికి ఎవరైనా ఈ కేసును ప్రేతలోకం కేసు అనే అనుకుంటారు. వ్యసనం అనగానే ఆకలి ప్రేతం గుర్తుకు రావడం బౌద్ధం చదివిన కౌన్సెలర్లలో మామూలే. కానీ రిజిస్టర్ అలా చెప్పలేదు. కొన్ని వారాల పేజీలు, పాత ఆట లెక్కలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఆయన పోగొట్టుకున్న పెద్ద మొత్తాలేవీ కోపం వచ్చిన రోజు, అప్పులవాడు ఫోన్ చేసిన రోజు మొదలైనవి కావు. ఒకటో తారీఖు, జీతం పడిన సాయంత్రం. సీజన్‌లో ఓవర్‌టైమ్ డబ్బు వచ్చిన రోజు. పాప స్కూల్లో ప్రైజు తెచ్చిన రోజు. అన్నిటికీ ముందు గడిలో రాసింది దేవలోకం.

చక్రంలో పైన ఉండే గడి అది. వ్యసనాల పని చేసేవాళ్లు దాని గురించి పెద్దగా పట్టించుకోరు, క్లయింట్ సంతోషంగా ఉంటే సెషన్ బాగా జరిగిందనుకుంటాం. గ్రంథాలు మాత్రం దాన్ని అస్సలు వదల్లేదు. సుహృల్లేఖ ఇంద్రుడి గురించి కూడా చెబుతుంది, లోకపూజ్యుడై కూడా మళ్లీ నేలకు పడతాడని. దేవతలకు చావు దగ్గరపడితే ఐదు గుర్తులు కనిపిస్తాయి. ఒంటి రంగు మారుతుంది, ఆసనం మీద కుదురుండదు, మెడలో దండలు వాడిపోతాయి, బట్టలు మాసిపోతాయి, ఎప్పుడూ పట్టని చెమట పడుతుంది. టిబెట్ పటాల్లో ఒక్కొక్క లోకంలో ఒక బుద్ధుణ్ణి గీస్తారు. ప్రేతలకు తిండి పాత్రతో, పశువులకు పుస్తకంతో, అసురులకు ఖడ్గంతో వస్తాడు. దేవలోకంలో మాత్రం వీణ పట్టుకుని వస్తాడు, ఆ సుఖంలో ఉన్నవాళ్ల చెవికి ఇంకేదీ ఎక్కదు కాబట్టి.

ఈ ఐదు గుర్తులూ రాసి ఇచ్చి, జీతం రోజు సాయంత్రం వీటిలో ఏమైనా కనిపిస్తుందేమో చూడమన్నాను. మరుసటి నెల వచ్చి చెప్పాడు. బిర్యానీ ప్యాకెట్లు తీసుకుని ఇంటికి వెళ్లాడు, పాపకి బొమ్మ కొన్నాడు, అందరూ నవ్వుతూ తిన్నారు. తొమ్మిదింటికి తన కుర్చీలో కూర్చున్నాడు. లేచాడు. మంచం మీద కూర్చున్నాడు. లేచాడు. ఫ్యాన్ కిందే చెమట. "రెండో గుర్తు, ఐదో గుర్తు వరసగా వచ్చాయండి. నాకే నవ్వొచ్చింది." ఆ సంతోషం అయిపోవస్తోందని ఒంటికి ముందే తెలిసిపోతోంది, దాన్ని ఇంకాస్త సాగదీయడానికి చెయ్యి ఫోన్ వైపు పోతోంది.

ఇది మాకు దొరికిన తాళంచెవి అని చెప్పుకోవచ్చు. చక్రం అంచున పన్నెండు నిదానాల్లో వేదనకి, అంటే సుఖమో దుఃఖమో అనిపించడానికి, గుర్తు కంట్లో బాణం దిగిన మనిషి, దాని పక్కనే తృష్ణకి, అంటే కోరికకి, గుర్తు పానీయం తాగుతున్న మనిషి. బాణానికీ గ్లాసుకీ మధ్య ఉన్న జాగాలోనే పని చేయాలని బౌద్ధ సాధన చెబుతుంది. వ్యసనాల చికిత్సలో అలన్ మార్లాట్ చెప్పిన అర్జ్ సర్ఫింగ్ కూడా చాలావరకు అక్కడే పనిచేస్తుంది. కోరిక లేచినప్పుడు తోసేయకుండా, లొంగకుండా, అది ఒంట్లో ఎక్కడ ఉందో, ఎలా పెరిగి ఎలా తగ్గుతోందో చూస్తూ కూర్చోవడం. క్లయింట్‌కి ఇంతకు ముందు ఇది నేర్పబోతే కుదరలేదు, ఎందుకంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. కుర్చీ కుదరకపోతే మొదలు. ఫోన్ భార్య చేతికిచ్చి, నడుచుకుంటూ రెండు వీధుల అవతల ఉన్న తండ్రి ఇంటికి పోవడం, పోతున్నంతసేపూ ఛాతీలో ఆ గుంజుడు ఎలా ఉందో గమనించడం. అక్కడ మాస్టారు ఏమీ అడగకూడదు, టీవీ చూడనివ్వాలి. ఈ చివరిది ఆయనకు అన్నిటికంటే కష్టమైంది.

పదో లోకం దాకా పోకుండా

ఒకరోజు మాస్టారు, "వీడికి పెళ్లాం పిల్ల మీద కూడా ప్రేమ లేదమ్మా, ఉంటే గొలుసు తీస్తాడా" అన్నారు, కొడుకు ముందే. అప్పుడు నిచిరెన్ మాట చెప్పాను. పదమూడో శతాబ్దపు జపాన్ భిక్షువు, సాదో ద్వీపానికి పంపేసినప్పుడు 1273లో రాసిన గ్రంథంలో ఈ పది లోకాల సంగతి వస్తుంది. మనిషి మొహం చూస్తూ ఉండండి, ఒకసారి సంతోషం, ఒకసారి కోపం, ఒకసారి శాంతం, ఇంకోసారి దురాశ కనిపిస్తాయి, కోపం నరకం, దురాశ ప్రేతం అంటాడు. మరి పైలోకాలు ఎక్కడ అంటే, కరుణ లేని దుర్మార్గుడికి కూడా పెళ్లాం పిల్లల మీద ప్రేమ ఉంటుంది, బోధిసత్త్వ లోకం వాడిలోనూ ఒక ముక్క ఉందన్నమాట అంటాడు.

రిజిస్టర్‌లో ఆరు గడుల్లో పట్టనివి ఏమైనా ఉన్నాయా అని క్లయింట్‌ని అడిగాను. లేవన్నాడు. మాస్టారు కాసేపు బయట కూర్చున్నాక, ఒకటి ఉందన్నాడు. తను పీకల్లోతు మునిగి ఉన్న రోజుల్లోనే, స్టోరేజీలో హమాలీ పని చేసే ఒక కుర్రాడు అదే యాప్ వేసుకుని, ఎలా ఆడాలని అడిగాడట. ఈయన ఆ కుర్రాడి ఫోన్ లాక్కుని యాప్ తీసేసి, ఇంకోసారి వేస్తే మేస్త్రీతో చెప్పి పని మాన్పిస్తానని బెదిరించాడు. ఆ రాత్రి తను మామూలుగానే ఆడాడు. "అది దేనికిందికి వస్తుందండి?" అని అడిగాడు. రిజిస్టర్ కింద అంచులో, గడుల బయట రాయమన్నాను. ఆ తర్వాత కింద అంచులో అప్పుడప్పుడు ఏదో ఒకటి కనిపించేది.

నేను పది లోకాల పద్ధతిని ఇంతకు మించి వాడలేదు. వ్యసనంలో ఉన్న మనిషికి నీలో బుద్ధుడు ఉన్నాడని చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అది వింటున్నప్పుడు బాగుంటుంది, జీతం రోజు సాయంత్రం తొమ్మిదింటికి దేనికీ పనికిరాదు. తను చేసిన ఒక పని, తన చేతిరాతలో కాగితం మీద ఉంటే మాత్రం పనికొస్తుంది.

ఎవరి దగ్గర వాడకూడదు

నరకం గురించి ఒక్క మాట. సుహృల్లేఖలో సంజీవం, కాలసూత్రం, రౌరవం, అవీచి వరకు వరసగా ఉన్నాయి, రోజుకి మూడువందల ఈటెల పోట్లు కూడా నరకంలో అతి చిన్న బాధకి సాటి రావంటుంది. పటాల్లో అయితే అవన్నీ రంగుల్లో ఉంటాయి. డిప్రెషన్‌తో ఉన్నవాళ్లకు, తనని తాను శిక్షించుకోవాలని చూసేవాళ్లకు ఆ బొమ్మలు చూపించడం ప్రమాదం. వాళ్లు దాన్ని తమ అడ్రసు అనుకుంటారు. భ్రమలు వినిపించే, కనిపించే జబ్బు ఉన్నవాళ్ల దగ్గర చక్రం ప్రస్తావనే వద్దు. నేను ఖాళీ గడులతో ఉత్త సున్నా గీసింది అందుకే.

నరకం గడి గురించి క్లయింట్‌కి చెప్పింది ఒక్కటే. మజ్ఝిమ నికాయంలోని దేవదూత సుత్తంలో బాధలన్నీ చెప్పాక, ఆ చెడ్డ పని తాలూకు ఫలం తీరేదాకా అతను చావడు అంటుంది. అంటే తీరుతుంది. బౌద్ధంలో నరకానికైనా గడువు ఉంది, స్వర్గానికైనా గడువు ఉంది. లోన్ యాప్ వాళ్ల మెసేజ్‌లు వచ్చిన రోజుల్లో ఈ మాట ఆయనకు అవసరమైంది. కాగితం మీద తనే రాసుకుని ఫోన్ కవర్ వెనక పెట్టుకున్నాడు.

ఇప్పుడు

ఏడాది దాటింది. మధ్యలో ఒకసారి తప్పాడు, సంక్రాంతికి బావమరిది కొత్త ఇంట్లో ఉన్నప్పుడు, వేరేవాళ్ల ఫోన్‌లో. పోయింది చిన్న మొత్తం, మర్నాడే వచ్చి చెప్పాడు. రిజిస్టర్‌లో ఆ పేజీ చూస్తే అసుర, అసుర, అసుర అని వరసగా ఉంది. సుహృల్లేఖ అసురుల గురించి చెప్పేది కూడా అదే, దేవతల సిరి చూసి ఓర్వలేక మనసు కాలిపోతూ ఉంటుందని, బుద్ధి ఉన్నా నిజం కనపడదని. దేవలోకం సంగతి మేం బాగానే పట్టుకున్నాం గానీ ఈ గడి ఇంకా అలాగే ఉంది. ఇద్దరూ ఒకే బడిలో చదివారు, బావమరిది మార్కులు తక్కువ, ఇప్పుడు హైదరాబాద్‌లో ఫ్లాట్, అమెరికా ప్రయాణాలు. దానికి రిజిస్టర్ చాలదు, మాట్లాడుతున్నాం. యాప్ అప్పులు తీరాయి, గొలుసు విడిపించారు, చేబదుళ్లు నెలనెలా కడుతున్నారు. మాస్టారి డబ్బు మాత్రం ఇంకా ముట్టలేదు. మందు డోసు సైకియాట్రిస్టు తగ్గిస్తున్నారు.

రిజిస్టర్ రాయడం ఆయన తనంతట తనే తగ్గించాడు. ఒకటో తారీఖు పేజీ మాత్రం ఇప్పటికీ నింపుతాడు.

చివరికి నా ఫైల్‌లో ఆలస్యంగా చేరిన విషయం ఒకటి. కుటుంబ సెషన్‌లో భార్య అంది, "ఆయన ఆరు లోకాలూ తిరిగొచ్చారు, మామయ్యగారు సుత్తాలు చదివారు. నేనెక్కడున్నానో ఎవరూ అడగలేదు." ఆమెకి విడిగా సెషన్లు మొదలుపెట్టాం, వేరే కౌన్సెలర్‌తో. చక్రం గీసిన కాగితం ఆమె ముందు పెడితే అక్కర్లేదంది. ఆమెకు కావలసింది జీతం పడే ఖాతాలో తన పేరు, అప్పుల జాబితాకి ఒక కాపీ, పాప పేరున ఒక రికరింగ్ డిపాజిట్. మూడూ అయ్యాయి.